ఎక్స్‌పోర్టు అవుతోంది, ఎవరూ కదలకండి!

కంప్యూటరు మెల్లగా నడుస్తోందని ఏడ్చేవాళ్లను చూస్తే నాకు జాలి. లక్ష్మి వచ్చి నట్టింట్లో కూర్చుంటే, ఈవిడెప్పుడు లేస్తుందా అని చూసే రకం వాళ్లు! అయ్యలారా, అమ్మలారా, నెమ్మదిగా తయారయ్యే వీడియో కన్నా సంసారానికి మేలు చేసేది ఇంకొకటి లేదు. నమ్మకం కుదరకపోతే తమిళనాట రాజపాళయంలో రఘురామ ఇంటికి పదండి.

ఎరగనివాళ్ల కోసం ఒక్క మాట. ఫోన్లో తీసిన ముక్కలన్నీ కంప్యూటరులోకి ఎక్కించి, కత్తిరించి, అతికించి, పాట పెట్టి, పేర్లు వేసి, ఆఖరికి ఎక్స్‌పోర్టు అనే మీట నొక్కుతారు. అప్పుడు తెర మీద ఒక నీలి గీత బయల్దేరుతుంది. అది ఈ కొస నుంచి ఆ కొసకు చేరితే సినిమా తయారైనట్టు. అంతవరకూ మనం చెయ్యవలసింది ఏమీ లేదు. ఏమీ చెయ్యకుండానే పనిలో ఉన్నామని చెప్పుకునే భాగ్యం ఇంకెక్కడ దొరుకుతుంది?

రఘురామ నూలు మిల్లులో సూపర్‌వైజరుగా చేసి రిటైరైనవాడు. ఊరికే కూర్చోవడం చేతకాక వీడియో ఎడిటింగు నేర్చుకున్నాడు. మొదటి సినిమాకు హీరోయిను ఇంట్లోనే దొరికింది. అతని తల్లి మంగళం! ఆమె ఎనభయ్యో పుట్టినరోజు చుట్టపక్కాలందరినీ పిలిచి ఘనంగా చేశారు. అందరూ వచ్చారు, మంగళం వాళ్లక్క తప్ప. తళవాయిపురంలో ఉండే ఆ పెద్దమ్మ, నీళ్లగదిలో జారిపడి, తుంటి విరిగి మంచాన ఉంది.

"రఘూ, నా చెల్లెల్ని చూసి శానా నాళ్లయిందిరా. ఒక్కతూరి కళ్లార చూడాల" అంది ఆవిడ ఫోన్లో.

"నువ్వేమీ కవలపడొద్దు, దిగులొద్దు పెద్దమ్మా. పండగంతా సినిమాగా చేసి పంపిస్తా" అని మాటిచ్చాడు రఘురామ. పెద్దమ్మంటే అతనికి ప్రాణం. చిన్నప్పుడు సెలవులన్నీ ఆవిడ వంటింట్లోనే గడిపాడు.

మంగళం ఊరుకోక ఒక సలహా ఇచ్చింది. "ఫోన్లో తీసినావు గదా, దాంట్లో ఒక ముక్క పంపించెయ్యిరా. అక్క అదే చూసుకుంటాది."

రఘురామ తల్లి వంక అదోలా చూశాడు. "దూది దూదిగానే గేటు దాటి పోతాదామ్మా? నూలుగా అయినాకే బయటికి పోవాల!"

మిల్లు మనిషి అంటే అదీ! ముడిసరుకు పంపడమంటే అతనికి తలవంపులు. పెద్దమ్మకు వెళ్లేది వడికిన నూలే కావాలి, దానికి అంచు కట్టాలి, మెరుగు పెట్టాలి. కాబట్టి ప్రతి దృశ్యం మీదా తామరరేకులు రాల్చాడు. రేకులు పెరిగేకొద్దీ గీత నత్తకు పాఠాలు చెప్పే స్థితికి వచ్చింది.

ఇక మిల్లు నియమాలు ఇంట్లోకి దిగాయి. తిరిగే మిషన్ని వదిలి ఎవరూ పోకూడదు! ఎప్పుడు ఎక్కడ నూలు తెగుతుందో ఎవరికి తెలుసు? అందుకని షిఫ్టులు వేశాడు. పొద్దున భార్య అభిరామి, కాలేజీలో పాఠాలు చెప్పి వచ్చాక కూతురు భార్గవి, మిగిలిన వేళంతా తను. మొగుడి షిఫ్టులో పెళ్లాం ఉండదు, పెళ్లాం షిఫ్టులో మొగుడు ఉండడు. ఇంట్లో గొడవలు ఆగిపోయాయి. ఏ పెద్దమనుషుల పంచాయితీ ఇంత చక్కటి తీర్పు చెప్పగలదు?

కరెంటంతా కంప్యూటరుకే అందాలని గ్రైండరు ఆపించాడు. పిండి లేదు కనుక ఇడ్లీ లేదు, దోసె లేదు. పూటపూటా ఉప్మా తిని అందరూ సన్నబడ్డారు. డబ్బులు పోసి జిమ్ముకు వెళ్లేవాళ్లు ఇది గమనించాలి! ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ ల్యాప్‌టాప్ వైపు తిప్పేశాడు. మనుషులకు చెమట పడితే ఒంటికి మంచిదేగా.

ఒకరోజు కిటికీలకు తడి తువ్వాళ్లు వేలాడదీశాడు. మిల్లులో గాలి పొడిగా ఉంటే నూలు పుటుక్కుమంటుంది మరి.

"నాయనా, కంప్యూటరుకు తడి పడదు" అని మొత్తుకుంది భార్గవి.

"సుమ్మా ఉండు, మాట్లాడొద్దు. నువ్వు పుట్టకముందు నుంచీ నేను మిషన్లు చూస్తా ఉండాను" అన్నాడు.

ఆ సాయంత్రమే గీత సగంలో ఆగిపోయి, తెర మీద ఎర్రక్షరాలు వచ్చాయి. తప్పు తువ్వాలుదో, రేకులదో భగవంతుడికే తెలియాలి. రఘురామ కంగారుపడలేదు. "తెగినకాడ అతుకుపెట్టి మళ్లా తిప్పు" అన్నాడు కూతురితో.

"అట్ల కుదరదు నాయనా. మొదట్నించి రావాల."

అతను నమ్మలేకపోయాడు. అతుకు పెట్టడానికి వీల్లేని మిషను అతని జన్మలో చూడలేదు. ఆ పూట అన్నం కూడా సయించలేదు పాపం.

ఎలాగో ఒకసారి గీత చివరిదాకా వెళ్లింది. అయిందా? చోళపురంలో ఉండే మేనమామ శ్రీరంగ వచ్చి చూసి ముఖం మాడ్చుకున్నాడు. "ఆశీర్వాదం చేసేటప్పుడు నా చెయ్యి మాత్రం పడినాది. వట్టి చెయ్యిని చూసి శ్రీరంగ అని ఎవరనుకుంటారప్పా?" న్యాయమే కదా! ఆయన ముఖం వెతికి అతికించి మళ్లీ ఎక్స్‌పోర్టు. తన ఆకుపచ్చ పట్టుచీర నీలంగా పడిందని ఒక వదినగారి అలక. రంగు మార్చి మళ్లీ ఎక్స్‌పోర్టు. పలకరింపుల్లేక పలచబడిన బంధుత్వాలు ఎలా చిక్కబడ్డాయో చూడండి. ఏళ్ల తరబడి ఫోను చెయ్యనివాళ్లు కూడా రోజూ చేస్తున్నారు, తిట్టడానికైనా సరే!

పెద్దమ్మ కూడా ఫోను చేస్తోంది. "అయినాదారా?"

"అవతా ఉంది పెద్దమ్మా. ఇంకొంచెమే."

ఆవిడ గొంతు ప్రతిసారీ కాస్త సన్నబడుతోంది. రఘురామకు అది వినిపించింది, గుండె చివుక్కుమంది. అందుకని ఇంకో నాలుగు తామరరేకులు వేశాడు.

చివరికి ఒక ఆదివారం పొద్దున్న ఫైనలుకే ఫైనలు ఎక్స్‌పోర్టు మొదలైంది. షిఫ్టులు రద్దు చేసి ఇంటిల్లిపాదీ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. గీత ఆ కొసకు దగ్గరపడింది. ఎవరూ ఊపిరి పీల్చడం లేదు.

"రఘూ, నేను పోయొస్తా" అంది మంగళం వెనక నుంచి.

"సరిమ్మా" అన్నాడతను, గీత మీంచి చూపు తిప్పకుండా.

గీత చేరింది! చప్పట్లు! మొదట హీరోయినుకే చూపిద్దామని వెనక్కి తిరిగితే హీరోయిను లేదు. పెరట్లో లేదు, పూజగదిలో లేదు, పక్కింట్లో లేదు. "ఎక్కడికి పోతానని చెప్పింది?" అని ఒకరినొకరు అడిగారు. వినిపించింది అందరికీ, విన్నవాళ్లే లేరు. ఎనభై ఏళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు, ఒక్కతే! రఘురామ స్కూటరు తాళంచెవి చేతిలో ఉండగానే ఇల్లంతా దానికోసం వెతికాడు.

అప్పుడు ఫోను మోగింది.

"రఘూ, మీ అమ్మ ఈడ ఉండాదిరా" అంది పెద్దమ్మ. "ఒంటిగా బస్సెక్కి వచ్చినాది. నా పక్కనే కూసోని ఉండాది."

అతనికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. "పెద్దమ్మా, సినిమా అయిపోయినాది! ఇదో, ఇప్పుడే పంపిస్తా!" అన్నాడు.

"ఇప్పుడొద్దురా" అంది పెద్దమ్మ. "నా చెల్లెల్ని చూస్తా ఉండాను."

రఘురామ స్కూటరు మీద తళవాయిపురం వెళ్లాడు. అక్కాచెల్లెళ్లు ఒకే మంచం మీద, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. "రారా నాయనా, నా పక్కన కూసో" అని పెద్దమ్మ చెయ్యి చాపింది. అతను గుమ్మంలోనే ఆగి జేబులోంచి ఫోను తీశాడు. "కొంచెం అట్లే ఉండు పెద్దమ్మా. వెలుతురు బాగుండాది."

కంప్యూటర్లు తయారుచేసే మహానుభావులారా! మీకు దణ్ణం పెట్టి వేడుకుంటున్నాను. కన్ను మూసి తెరిచేలోగా ఎక్స్‌పోర్టు అయ్యే మిషన్లు తెస్తున్నారట. తేకండి! అదే మొదటిరోజే అయిపోయి ఉంటే, సినిమా ఫోనులోకి వెళ్లేది, పెద్దమ్మ చూసి ఒక దండం బొమ్మ పంపేది, చెల్లెల్ని చూసినట్టు లెక్క తేలిపోయేది. ఆ గీతను పాకనివ్వండి. అది పాకినన్నాళ్లే మా ఇళ్లలో ఎవరో ఒకరు విసిగిపోయి, లేచి వెళ్లి బస్సెక్కుతారు.