పదమూడో ముద్ర

ఆ శనివారం ఉదయం మెరుపు వేసుకున్న ప్రణాళికలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పది గంటలకు కాలేజీ ఆడిటోరియంలోకి వెళ్ళాలి, కార్డు చూపించి పేరు రాయించుకోవాలి. పదీ పదికి స్టేజీ వెనక తలుపులోంచి జారుకోవాలి. వెనక వీధిలోనే ఉన్న పిన్ని ఇంటికి పోయి హాయిగా మంచం మీద వాలాలి. పన్నెండుకు పది నిమిషాలుందనగా పిన్ని లేపుతుంది. మళ్ళీ అదే తలుపులోంచి లోపలికొచ్చి, అందరితో పాటు చప్పట్లు కొట్టి, కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. ఈ పద్ధతిలో ఆమె ఈ ఏడాది ఒక నాటకానికీ, రెండు కవి సమ్మేళనాలకూ, నాలుగు కచేరీలకూ, ఇంకా ఏవేవో కలిపి మొత్తం పదకొండు కార్యక్రమాలకు హాజరైంది. తళుక్కున కనబడి మాయమవుతుంది కాబట్టి స్నేహితులు ఆమెకు మెరుపు అని పేరు పెట్టారు. అసలు పేరు కార్డు మీద ఉంది గానీ దాంతో మనకు పని లేదు.

పన్నెండు ముద్రలు ఉంటే గానీ ఆ కాలేజీ పట్టా ఇవ్వదు. పిల్లలకు కళలంటే ఇష్టం కలగాలని ఎప్పుడో ఎవరో పెద్దమనిషి పెట్టిన నియమం అది. మెడలు వంచి ఇష్టం కలిగించే విద్య ఆయనకు ఎక్కడ అబ్బిందో తెలియదు. నిజానికి మెరుపుకు పోయిన నెలలోనే పన్నెండూ నిండవలసింది. ఆ రోజు పిన్ని టీవీ ముందు కూర్చుని ఆమెను లేపడం మరిచిపోయింది. ఇప్పుడు ఈ ఏడాదికి ఇదే ఆఖరి కార్యక్రమం. సోమవారం ఆమె ఉద్యోగంలో చేరాలి. పట్టా చూపించకపోతే ఆ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెడతామని ఆఫీసువాళ్ళు ఉత్తరంలో చాలా మర్యాదగా రాశారు.

పదింటికి హాల్లో అడుగు పెట్టేసరికి నాలుగు వందల కుర్చీలు నోరు తెరుచుకుని ఉన్నాయి. స్టేజీ మీద ఒక పెద్దాయన గోరువెచ్చని నీళ్ళు పుక్కిలిస్తున్నాడు. నలభై పక్షుల గొంతులు ఒక్కడే పలికిస్తాడని గోడ మీద కాగితం చెబుతోంది. స్టేజీ పక్కన బల్ల దగ్గర సాంస్కృతిక విభాగం గుమస్తా సిరా మెత్తనూ, ముద్రనూ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఒక్క ముద్ర కూడా వంకరగా వేయని మనిషి. వీళ్ళిద్దరూ తప్ప పురుగు లేదు. మిగతా విద్యార్థులందరికీ పన్నెండు ముద్రలూ ఎప్పుడో నిండిపోయాయి మరి.

"యాభై మంది ఉంటేనే కార్యక్రమం జరిగినట్టు లెక్క," అన్నాడు గుమస్తా. "పదిన్నర దాకా చూస్తాను. ఆ తర్వాత రద్దు అని రాసేస్తాను."

"నేనున్నాను కదండీ."

"ఉన్నావు. ఇంకా నలభై తొమ్మిది మంది ఉండాలి."

"వాళ్ళు రాకపోతే నా తప్పేముందండీ? వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కదా."

"తప్పెవరిదో రాసే గడి ఈ ఫారంలో లేదమ్మా."

మెరుపు వరండాలోకి పరుగెత్తి పిన్నికి ఫోన్ చేసింది. పిన్ని ఇంట్లోనే కుట్టు క్లాసు నడుపుతుంది.

"పిన్నీ, నీ క్లాసువాళ్ళందరినీ తీసుకుని అర్జంటుగా ఆడిటోరియానికి రా. ఒకాయన పక్షుల్లా కూస్తాడు, వినాలి."

"మన పెరట్లో పక్షులు పొద్దున్నుంచీ కూస్తూనే ఉన్నాయి కదే. దానికోసం బట్టలు మార్చుకుని అక్కడిదాకా రావాలా?"

"ఆ రోజు నువ్వు లేపి ఉంటే నాకీ తిప్పలు..."

"వస్తున్నాను తల్లీ. నేను పోయేదాకా ఆ మాట అంటూనే ఉంటావు."

క్లాసులో ఉన్నది పన్నెండు మంది. ఇంకా బోలెడు మంది కావాలి. మెరుపు లైబ్రరీకి పోయి బతిమాలింది. క్యాంటీన్‌లో గడ్డం పట్టుకున్నంత పని చేసింది. ఎవరూ తలెత్తలేదు. "మా ముద్రలు నిండాయి, ఇంక మాకు కళలతో పనేముంది?" అన్నాడు ఆమె క్లాసువాడే, టీ ఊదుకుంటూ. ఆ మాటలో అబద్ధం లేదు కాబట్టి ఆమెకు మరీ ఒళ్ళు మండింది.

మండిన ఒంట్లోంచే ఆలోచన కూడా వచ్చింది. రమ్మంటే వచ్చే జాతి కాదు ఇది. ఆ మధ్య కొత్త లాబ్ తలుపు మీద లోపలికి రావద్దని రాసి పెడితే, అందులో ఏముందో చూడ్డానికి తోసీ తోసీ తలుపు ఊడదీసిన మహానుభావులు వీళ్ళు. మెరుపు నోటీసు బోర్డు దగ్గర ఒక అట్టముక్క సంపాదించి, లావుపాటి అక్షరాలతో రాసింది. "నేటి పక్షుల కార్యక్రమానికి సీట్లన్నీ నిండినవి. దయచేసి ఎవరూ రావద్దు." దాన్ని ఆడిటోరియం ముందు తలుపుకు తగిలించి, చెట్టు చాటున నిలబడింది.

అయిదు నిమిషాల్లో ముప్పై మంది పోగయ్యారు. ఆ ముప్పై మంది ఎందుకు పోగయ్యారో చూద్దామని ఇంకో డెబ్భై మంది వచ్చారు. టీ ఊదుకుంటున్నవాడు కప్పుతో సహా వచ్చేశాడు. మాకు తెలియకుండా సీట్లు ఎవరికిచ్చారని అందరికంటే గట్టిగా అడుగుతున్నవాడు వాడే. మెరుపు మురిసిపోయి ముందుకొచ్చేసరికి, తలుపుకు అడ్డంగా వాచ్‌మన్ నిలబడి ఉన్నాడు. టీ తాగి అప్పుడే తిరిగొచ్చి, అట్టముక్క చదివి, డ్యూటీలోకి దిగాడు.

"సీట్లు లేవు. పదండి, పదండి."

"లోపల ఎవరూ లేరు బాబాయ్."

"లేకపోతే నిండాయని ఎందుకు రాస్తారు?"

"అది రాసింది నేనే."

"నువ్వే రాసి నువ్వే కాదంటే ఎలాగమ్మా? రాసేముందే చూసుకోవాలి."

మెరుపు అట్టముక్క పీకి రెండుగా చించేసింది. వాచ్‌మన్ ఆమెను జాలిగా చూశాడు. "కాగితం చింపితే సీట్లు ఖాళీ అవుతాయా అమ్మా? లోపల కూర్చున్నవాళ్ళు ఎక్కడికి పోతారు?" అన్నాడు. ఏం చెప్పినా ఆయన ఒప్పుకునేలా లేడు.

ఇంతలో లోపల పెద్దాయన గొంతు సవరించుకోవడానికి గుడ్లగూబతో మొదలుపెట్టి బాతుల మందలోకి దిగాడు. బయట గుంపు ఒక్కసారి ఊగింది. మొదలైపోయిందన్నారు. లోపల నిజం పక్షులున్నాయన్నారు. అప్పుడే పన్నెండు మందిని వెంటేసుకుని వచ్చిన పిన్ని, పక్కనున్నావిడ చెవిలో, "నిప్పుకోడి కూడా ఉందట, మా పిల్ల చెప్పింది," అంది. మెరుపు అలాంటిదేమీ చెప్పలేదు. కానీ వచ్చినదాని గొప్ప కొంచెం పెంచుకోకపోతే పిన్నికి బట్టలు మార్చుకున్న శ్రమ దండగనిపిస్తుంది.

టైము పదీ ఇరవై రెండు. మెరుపు పిన్నిని పక్కకు లాగింది.

"స్టేజీ వెనక తలుపుంది కదా, మీ పదమూడు మందీ అటునుంచి రండి. ఎవరికీ చెప్పకు."

"నేనెందుకు చెబుతానే?" అని నొచ్చుకుంది పిన్ని. రెండు నిమిషాలు గడిచేసరికి గుంపు గుంపంతా మునివేళ్ళ మీద నడుస్తూ వెనక్కి వచ్చేసింది. ముందు తలుపు దగ్గర వాచ్‌మన్ ఒక్కడూ మిగిలి, అందరూ తన మాట విని వెళ్ళిపోయారని తృప్తిపడ్డాడు.

ఆ వెనక తలుపుకు ఒక రోగం ఉంది. చేయి వదిలితే మూసుకుని లోపల గడియ పడిపోతుంది. ఎప్పటిలాగే ఆ పొద్దున కూడా మెరుపు సందులో కాగితం మడిచి పెట్టి ఉంచింది గానీ, ఇంతమంది తోపుడుకు అది నిలవదు. అందుకని ఎవరో ఒకరు పట్టుకుని నిలబడాలి. మెరుపు పట్టుకుని నిలబడి లెక్క పెట్టింది. ఇరవై, నలభై, యాభై. యాభై కాగానే లోపలికి పోయి కూర్చుని ఉంటే ఈ కథ సుఖంగా ఇక్కడితో అయిపోయేది. కానీ వెనక వస్తున్నవాళ్ళు, "వదలకమ్మా, వదలకు, మా వాళ్ళింకా ఉన్నారు," అని ఆమె చేతిని తలుపుకు అదిమి పెట్టేశారు. టిక్కెట్టు అడగని చోటికి దొంగతనంగా వెళ్ళడంలో జనానికి ఎంత ఆనందమో ఆమె ఆ రోజే చూసింది. వంద దాటింది, మూడు వందలు దాటింది. ఒక్కరూ మాట్లాడలేదు. ఆ హాలు చరిత్రలో ప్రేక్షకులు అంత నిశ్శబ్దంగా ఎన్నడూ కూర్చోలేదు.

మూడు వందల తొంభై తొమ్మిదో మనిషి లోపలికి వెళ్ళాక మెరుపు ఊపిరి పీల్చుకుని ఒక కాలు గడప లోపల పెట్టింది. వెనకనుంచి ఎవరో భుజం తట్టారు. చూస్తే ప్రిన్సిపాల్. బూట్లు చేత్తో పట్టుకుని ఉన్నాడు.

"సీటుందా అమ్మా?" అన్నాడు, గుసగుసగా.

ప్రిన్సిపాల్‌కు లేదని ఎలా చెబుతుంది? కాలు వెనక్కి తీసుకుంది. ఆయన లోపలికి నడిచాడు. వెంటనే గుమస్తా వచ్చి, "నాలుగు వందలు. నిండింది," అని తలుపు వేసేశాడు. గడియ పడిన చప్పుడు వినబడింది.

ఆమె తలుపు మీద కొట్టింది. లోపల చప్పట్లు మొదలయ్యాయి. ముందువైపు పోతే వాచ్‌మన్, "ఇందాకే చెప్పానా?" అన్నాడు. ఇంటికి పోదామంటే పిన్ని ఇంటికి తాళం వేసి ఉంది, తాళంచెవి పిన్నితో పాటు మూడో వరసలో ఉంది. చేసేదేమీ లేక వెనక మెట్టు మీద కూలబడింది. ఉద్యోగం పోయింది, అంతే.

లోపల పెద్దాయన వాన వెలిశాక కిటికీ దగ్గరికి వచ్చే పిచ్చుకను పలికించాడు. తర్వాత పిల్ల కనబడని కాకిని. ఆ కాకి ముందు కోపంగా పిలిచింది, తర్వాత ఊరికే పిలిచింది, ఆ తర్వాత ఇక రాదని తెలిసి పిలిచింది. మెరుపుకు ఏడుపొచ్చింది. అది పట్టా కోసం వచ్చిన ఏడుపు కాదు. ఆ గంటన్నరా ఆమె మెట్టు మీంచి కదల్లేదు. నాలుగేళ్ళలో ఒక కార్యక్రమం మొదటినుంచి చివరిదాకా వినడం అదే మొదలు. ఇన్నాళ్ళూ వీటిని వదిలేసి పోయి పడుకున్నానా అని సిగ్గుపడింది.

పన్నెండింటికి తలుపు తెరుచుకుంది. జనం కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చారు. నిప్పుకోడి రాలేదని ఒకరిద్దరు గొణిగారు. గుమస్తా అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ కార్డులిచ్చి ముద్రలు వేసి, చేయి నొప్పి పుట్టి మెట్ల మీదికి వచ్చాడు. పిన్ని తన కార్డు ఆరబెట్టుకుంటూ వెనకే వచ్చింది.

"నేను పూర్తిగా విన్నానండీ," అంది మెరుపు. "ఏ పక్షి తర్వాత ఏ పక్షో అడగండి, చెబుతాను."

"హాల్లో కూర్చున్నవాళ్ళకే ముద్ర," అన్నాడు గుమస్తా. ఆమె మొహం చూసి, ఆగి, జేబులోంచి నియమాల పుస్తకం తీశాడు. మనిషి కఠినుడే గానీ దుర్మార్గుడు కాదు. చాలాసేపు పేజీలు తిప్పాడు. "ఇదుగో. తలుపు దగ్గర నిలబడి ప్రేక్షకులను లోపలికి పంపినవారు వాలంటీరు. వాలంటీరుకు ఒకటి కాదు, రెండు ముద్రలు."

మెరుపుకు ప్రాణం లేచొచ్చింది. కార్డు చేతిలో పెట్టింది. గుమస్తా ముద్ర ఎత్తి, ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు.

"పదకొండున్నాయి. రెండేస్తే పదమూడు. గడులు పన్నెండే. గడి బయట ముద్ర పడితే కార్డు చెల్లదు."

"ఒక్కటే వేయండి."

"సగం వాలంటీరని ఇందులో లేదమ్మా."

"ఇంకో కార్డు ఇవ్వండి."

"రెండో కార్డు కావాలంటే ఇంకో ఏడాది చదవాలి."

మెరుపు తల పట్టుకుంది. పట్టుకున్న తలలోనే దారి తట్టింది. "పాత ముద్ర ఒకటి రద్దు చేస్తే?"

"చేయొచ్చు. అప్పుడు ఇదే ఏడాదికి కొత్త కార్డు రాసి, నిలిచినవన్నీ అందులోకి ఎక్కిస్తాను. పది, ఈ రెండు, పన్నెండు. సరిగ్గా సరిపోతుంది. కానీ కారణం కావాలి."

"నాటకం రోజున మధ్యలో వెళ్ళిపోయాను. అదే కారణం."

"సాక్షి ఉండాలి."

"నేను లేనూ?" అని ముందుకొచ్చింది పిన్ని. పోయిన నెల ముద్ర తన మూలంగా పోయిందన్న బాధ ఆవిడను తినేస్తోంది. ఇన్నాళ్ళకు తీర్చుకునే అవకాశం దొరికింది. "రాసుకోండి బాబూ. నాటకం రోజున పదీ పావుకల్లా మా ఇంట్లో మంచం మీదుంది. ఆ రోజేమిటి, కచేరీలకూ అంతే, కవి సమ్మేళనాలకూ అంతే. పదకొండుసార్లూ నేనే లేపి పంపాను. కావాలంటే మా క్లాసువాళ్ళు పన్నెండు మందీ చెబుతారు."

వెనక నిలబడ్డ పన్నెండు మందీ తలలూపారు. గుమస్తా తలెత్తకుండా అన్నీ రాసుకుని, కింద పిన్ని చేత సంతకం పెట్టించాడు. మెరుపు మెట్టు మీద మళ్ళీ కూర్చుండిపోయింది. సోమవారం ఆ కుర్చీలో కూర్చోబోయే మనిషెవరో గానీ అదృష్టవంతులు అనుకుంది.

"ఒక్కటే చెబితే నమ్ముతాడో లేదోనని అన్నీ చెప్పేశానే," అని పిన్ని ఆమె వీపు నిమిరింది.

గుమస్తా కొత్త కార్డు తీసి, రెండు ముద్రలూ వంకర పోకుండా పక్కపక్కన వేసి, ఊది ఆరబెట్టి ఇచ్చాడు. అందులో చోటుకు ఇప్పుడేమీ ఇబ్బంది లేదు.