గట్టి రక్తానికి శాలువా

కరోనా రెండో విడత ముగిసే రోజుల్లో, వేమూరు మండలం మొత్తమ్మీద గట్టి రక్తం దశరథరామయ్యగారిదేనని తేలింది. తెనాలి ల్యాబులో ఆయన యాంటీబాడీలు ఎనిమిది వందల నలభై వచ్చాయి. వెంటనే గ్రామాభివృద్ధి కమిటీ ఫ్లెక్సీలు కట్టించి, కల్యాణ మండపంలో సన్మానం ఏర్పాటు చేసింది.

"ఆయన టీకా ముఖం చూడలేదు. ఇది తాతల నాటి రక్తం!" అన్నారు అధ్యక్షులు శివరామయ్యగారు. చప్పట్లు మోగాయి.

ఆరోగ్య కేంద్రం నర్సు కృపారాణిని కూడా మర్యాదకు రెండు ముక్కలు మాట్లాడమన్నారు. ఆమె నిజంగానే మాట్లాడింది.

"రక్తంలోని తెల్లకణాల్లో బి కణాలని ఒక రకం ఉంటాయండి. క్రిమి ఒంట్లోకి వస్తే గుర్తుపట్టి, దానికి తగ్గ యాంటీబాడీలు తయారుచేస్తాయి. టీకా పడకుండా, జబ్బు రాకుండా ఇవి ఊరికే పుట్టవు. బాబాయిగారూ, ఈమధ్య మీకు జ్వరమేమైనా వచ్చిందాండి?"

"పోయిన నెల కాస్త వెచ్చబడిందమ్మా. రేపల్లె పెళ్లికి వెళ్లొచ్చేసరికి తగ్గిపోయింది," అన్నారు దశరథరామయ్యగారు నిబ్బరంగా.

జ్వరంతోనే పెళ్లికి వెళ్లి, బంధువులందరినీ కౌగలించుకున్నారన్నమాట. ఎంత ఆప్యాయత! మళ్లీ చప్పట్లు.

ఆ రోజు రేపల్లెకు ఆయన కారు నడిపింది డ్రైవరు అంద్రెయ. ఆ పెళ్లికి వెళ్లొచ్చిన నాలుగో రోజుకే ఊపిరాడక బాపట్ల ఆసుపత్రిలో చేరాడు. పంతొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద ఉండి, చావు తప్పించుకుని వచ్చి, ఇప్పుడు మండపం వెనక గోడకు ఆనుకుని రొప్పుతున్నాడు. అతని భార్య సారా ముందుకు వచ్చి కృపారాణికి ఒక కాగితం చాపింది.

"మా ఆయనకి కూడా ఆ తెనాలి ల్యాబులోనే పరీక్ష చేశారండి. ఎంతుందో చదవమ్మా."

"పంతొమ్మిది వందల పది," చదివింది కృపారాణి.

"ఈ లెక్కన శాలువా ఎవరికి రావాలండీ?" అడిగింది సారా.

"అదేంటి, ఆ మిషన్ పాడైనట్టుంది," అన్నారు దశరథరామయ్యగారు. రెండు పరీక్షలూ ఒకే మిషన్ మీద చేశారని కృపారాణి చెప్పబోతే మైకు ఆపేశారు.

కమిటీ అక్కడికక్కడే అత్యవసరంగా సమావేశమైంది. వంశపారంపర్యంగా వచ్చిన యాంటీబాడీలు మాత్రమే సన్మానానికి అర్హమనీ, జబ్బు చేసి సంపాదించినవి పరిగణనలోకి రావనీ తీర్మానించింది. దశరథరామయ్యగారివి ఏ కోవలోకి వస్తాయో ఎవరూ అడగలేదు. అంద్రెయ, భార్య చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు. గుమ్మం దగ్గర ఆగి దగ్గాడు. ముందు వరుసలో ఉన్నవాళ్లు ముక్కులు మూసుకున్నారు.

సభలో అందరూ చేతులెత్తారు, తీర్మానం ఏకగ్రీవం. నేనూ చెయ్యెత్తాను. అక్కడుంటే మీరూ ఎత్తేవారే. భోజనాలు ఆ తర్వాతేనన్నారు మరి.