పరదా చాటు పార్కు

ఆ ఉదయం ప్లానింగు ఆఫీసరుగారు పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. గడ్డం గీసుకోవడం, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవడం, పదింటికి కొత్త పార్కు దగ్గరికి వెళ్లి అవార్డు కమిటీని నవ్వు ముఖంతో ఆహ్వానించడం. అంతే.

ఆ పార్కు ఒకప్పుడు తుప్పుపట్టిన బస్సుల షెడ్డు. రెండేళ్లు నిద్రాహారాలు మాని, ఆయన దాన్ని పార్కుగా మార్చాడు. రాతి బెంచీలు, వంపులు తిరిగే కాలిబాటలు, పచ్చిక, పొట్టి దీపస్తంభాలు, ముసలివాళ్లు చదరంగం ఆడుకోవడానికి గళ్లు చెక్కిన బల్లలు, అన్నీ ఉన్నాయి. లేనిదల్లా జనం. పని పూర్తయి నెలలు గడిచినా లోపల ఇంతవరకూ నరమానవుడు కూర్చోలేదు. అవార్డు కమిటీ చూసేదాకా కొత్తది కొత్తగానే ఉండాలన్నది ఆ ఆఫీసువాళ్ల పద్ధతి. అందుకని చుట్టూ పచ్చ పరదా కట్టి, గేటుకు తాళం వేసి, వాచ్‌మన్‌ను కాపలా పెట్టారు. "నేను వచ్చేదాకా సాక్షాత్తూ దేవుడే దిగొచ్చినా తాళం తీయకు" అని ముందురోజు సాయంత్రం కూడా ఆఫీసరుగారు అతనికి మరోసారి నూరిపోశాడు.

ఈ అవార్డు ఆయనకు చావోరేవో అన్నట్టుగా ఉంది. ఉత్తమ నగర పునరుజ్జీవన పురస్కారం వస్తే పాత మార్కెట్టును బాగుచేసే పెద్ద పని ఆయన చేతికిస్తామని, రాకపోతే కాలువల విభాగానికి బదిలీ చేస్తామని కమిషనరుగారు మొహమాటం లేకుండా చెప్పేశారు. కాలువల విభాగమంటే ఆయనకు గిట్టదు. కాలువల ఇంజనీరంటే అసలే గిట్టదు. ఆ మహానుభావుడు మురుగుకాలువ వేస్తానని మనిషి దూరేంత సిమెంటు పైపులు తెప్పించి, సరిగ్గా పార్కు గేటు ఎదుట దింపించి, ఏడాదిగా ఆ ఊసే ఎత్తడం లేదు. అడిగితే "ఇదిగో, తీయించేస్తున్నా" అంటాడు.

సగం గడ్డం గీసుకున్నాక కమిషనరుగారు ఫోను చేశారు.

"ఏమయ్యా, పార్కులో జనం ఉన్నారా?"

"ఎందుకుంటారు సార్? ఒక్కణ్ని కూడా లోపలికి రానివ్వలేదు. అద్దంలా ఉంచాం."

"అద్దంలో చూసుకోడానికైనా ఒక మనిషుండాలి కదయ్యా! జనం వాడుకునే చోటుకే ఇస్తారట ఆ అవార్డు. నాకూ ఇప్పుడే తెలిసింది. పదింటికల్లా జనం కనిపించాలి. ఎక్కణ్నుంచి తెస్తావో నాకు తెలీదు."

ఆఫీసరుగారు ఒక చెంప నున్నగా, రెండో చెంప నురగతో అలాగే నిలబడిపోయాడు. పార్కులోకి జనాన్ని ఎలా రానివ్వకూడదో ఆయనకు బాగా తెలుసు. ఎలా రప్పించాలో ఎవరూ నేర్పలేదు. సంగతి విన్న భార్య టిఫిన్ ప్లేటు బల్ల మీద పెట్టి, "మా నాన్నకు చెప్పండి. ఆ వీధి వీధంతా ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే" అంది.

"మీ నాన్నగారికి ఒకటి చెప్తే నాలుగు చేస్తారే!"

"అయితే మీరే వెళ్లి ఒక్కొక్కరి కాళ్లూ పట్టుకోండి."

ఆయన ఫోను తీశాడు. మామగారు రిటైరైన హెడ్మాస్టరు, పార్కు పక్క వీధిలోనే ఉంటారు.

"మామయ్యగారూ, పదింటికి పార్కు దగ్గర ఓ పదిమంది మర్యాదస్తులు కూర్చుని ఉండాలి. ఎవరొచ్చి ఏమడిగినా అక్కణ్నుంచి లేవకూడదు."

"ఎందుకు నాయనా?"

"టైము లేదు మామయ్యగారూ, తర్వాత చెప్తాను."

"చెప్పకపోయినా ఫరవాలేదులే. నేను కూర్చోమన్నాక లేచినవాణ్ని నా సర్వీసులో చూడలేదు."

తర్వాత కాలువల ఇంజనీరుకు ఫోను చేసి, కమిటీవాళ్లు వచ్చేలోగా పైపులు తీయించమని బతిమాలాడు. "ఇదిగో, క్రేను పంపించేస్తున్నా" అన్నాడు ఇంజనీరు. ఆ మాట ఆయన నమ్మలేదు. మిగిలిన చెంప గీసుకుని, టిఫిన్ తిని, చొక్కా తొడుక్కున్నాడు. వాచ్‌మన్‌కు కూడా ఒక మాట చెప్పాలన్న సంగతి మాత్రం ఆయనకు తట్టలేదు.

పదిమందిని తెమ్మంటే హెడ్మాస్టరుగారు సగం వీధిని వెంటబెట్టుకొచ్చారు. వాచ్‌మన్ గేటుకు అడ్డంగా నిలబడ్డాడు.

"నేను మీ ఆఫీసరు మామనయ్యా!"

"దేవుడొచ్చినా తీయొద్దన్నారండీ. మామగారి సంగతి విడిగా ఏం చెప్పలేదు."

హెడ్మాస్టరుగారు ఆలోచించారు. అల్లుడు పార్కు దగ్గర అన్నాడే గానీ పార్కు లోపల అనలేదు. పార్కుకు ఎంత దగ్గరగా వెతికినా కూర్చోవడానికి పైపులు తప్ప ఇంకేం కనిపించలేదు. "ఎక్కండర్రా!" అన్నారు. అందరూ ఎక్కారు. పెద్దవాళ్లు పైపుల లోపల చాపలు పరుచుకుని నీడపట్టున చేరారు. కాసేపటికి అక్కడ మాటలు పుట్టాయి, మాటల వెంట టీ వచ్చింది. ఖాళీగా కూర్చోలేని మంగలి, ఒక పైపుకు అద్దం తగిలించి పక్కవాడి జుట్టు పట్టుకున్నాడు. పిల్లలు ఈ చివర దూరి ఆ చివర తేలుతూ, గోల గోల చేస్తున్నారు. ఈ సంత చూసి వాచ్‌మన్‌కు కాళ్లూచేతులూ ఆడలేదు. ఆఫీసరుగారినే అడిగొద్దామని, తాళంచెవి జేబులో వేసుకుని ఆఫీసుకు పరుగెత్తాడు.

అతను అటు వెళ్లగానే ఇటు క్రేను వచ్చింది. ఏడాదిగా కదలని ఇంజనీరు కదలక కదలక ఆ రోజే కదిలాడు.

"దిగండమ్మా, పైపులు తీసుకెళ్లాలి" అన్నాడు క్రేను డ్రైవరు.

"మేం దిగం."

"ఎందుకు దిగరు?"

"మాకేం తెలుసు? హెడ్మాస్టరుగారు లేవొద్దన్నారు."

ఎవరొచ్చి ఏమడిగినా లేవకూడదని అల్లుడు ఎందుకన్నాడో హెడ్మాస్టరుగారికి అప్పుడు వెలిగింది. ఈ క్రేను వస్తుందని అతనికి ముందే తెలుసన్నమాట! పైపులు పోకుండా కాపాడమని నోరు తెరిచి చెప్పలేక అలా అన్నాడన్నమాట! "మా అల్లుడు మంచి దూరదృష్టి ఉన్నవాడు. ఒక్క పైపు కూడా కదలడానికి వీల్లేదు" అని ప్రకటించారు. దాంతో అసలు విషయం తెలియకపోయినా అందరికీ పౌరుషం వచ్చింది. ఇద్దరు అత్తాకోడళ్లు, ఇంట్లో ఒకరి ముఖం ఒకరు చూసుకోనివాళ్లు, ఒకే పైపును చెరోవైపు వాటేసుకున్నారు.

సరిగ్గా ఆ గందరగోళంలోకి వచ్చి పడ్డాడు ఆఫీసరుగారు. వాచ్‌మన్ లేడు. గేటు తాళం అలాగే ఉంది. రావాల్సిన కమిటీ కారు లేదు, రాదనుకున్న క్రేను ఉంది. లోపల ఉండాల్సిన జనం బయట ఉన్నారు. ఎవర్ని ముందు తిట్టాలో తెలియక, కనిపించినవాళ్లతో మొదలుపెట్టాడు. దగ్గర్లోని పైపులో చేతికర్ర పక్కన పెట్టుకుని ఒక పెద్దావిడ టీ తాగుతోంది. ఆవిడ పక్కన ఇద్దరు మగవాళ్లు కాళ్లు బారజాపుకుని ఉన్నారు. అందరూ మామగారు తెచ్చిన సరుకే అనుకున్నాడాయన.

"పెద్దమ్మా, ముందు మీరు లేవండి! అవతల కమిటీవాళ్లు వచ్చేస్తున్నారు."

"వస్తే రానీ నాయనా. ఇక్కడ చల్లగా బాగుంది. ఈ పైపులు పెట్టించింది నువ్వేనా?"

ఆఫీసరుగారికి ఒళ్లు మండిపోయింది. ఇంత దరిద్రాన్ని తన నెత్తిన రుద్దుతారా! "నేనెందుకు పెట్టిస్తానండీ? ఇది ఆ కాలువల ఇంజనీరు ఘనకార్యం. మొత్తం ఆయనదే. వీటిని ఇక్కణ్నుంచి పీకించాలని ఏడాదిగా మొత్తుకుంటున్నాను."

"అలాగా! మరి ఆ పరదా వెనకాల ఏముంది?"

"అదండీ నాది! పార్కు. జనం తొక్కి పాడుచేస్తారని దాచిపెట్టాం."

"ఎవరి కోసం?"

"కమిటీవాళ్ల కోసం."

ఆవిడ పక్కనున్న ఇద్దరి వైపూ చూసింది. ఇంతలో వీధి మలుపు దగ్గర్నుంచి ఒక కారు మెల్లగా వచ్చి ఆగింది. అందులోంచి దిగిన డ్రైవరు తిన్నగా పైపు దగ్గరికి వచ్చి, "మేడమ్, తర్వాతి పార్కుకు టైమవుతోంది" అన్నాడు. జనం ఎలా ఉన్నారో చూద్దామని కమిటీవాళ్లు ముగ్గురూ మలుపులోనే కారు దిగి నడిచొచ్చారట. వచ్చినవాళ్లను హెడ్మాస్టరుగారే చెయ్యి పట్టుకుని పైపులో కూర్చోబెట్టారట.

ఆఫీసరుగారికి భూమి గిర్రున తిరిగింది. "మేడమ్! ఒక్క నిమిషం! లోపల చదరంగం బల్లలున్నాయి!" అంటూ గేటు దగ్గరికి పరుగెత్తాడు. తాళం రెండు చేతులా గుంజాడు, రాయి పెట్టి కొట్టాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండేళ్ల కష్టం మూరెడు దూరంలో ఉంది, చూపించడానికి దారి లేదు. తాళంచెవి ఆ క్షణంలో ఆయన ఆఫీసు గది బయట, ఆయన కోసమే ఎదురుచూస్తూ స్టూలు మీద కూర్చుంది. పెద్దావిడ పరదా కొంచెం పక్కకు తప్పించి లోపలికి చూసింది. "చాలా శుభ్రంగా ఉంది నాయనా" అని కారెక్కింది.

నెల తిరక్కుండా ఫలితం వచ్చింది. "జనం తామే నిలబెట్టుకున్న అపురూపమైన కూడలి"గా పైపుల గుట్టకు ఉత్తమ నగర పునరుజ్జీవన పురస్కారం ప్రకటించారు. షీల్డు కాలువల ఇంజనీరు అందుకున్నాడు. అది దేనికిచ్చారో సభ సగం గడిచేదాకా ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యాక మాత్రం, పైపుల్ని ఏడాదిపాటు కదిలించకుండా ఉండడం వెనక ఎంత ఆలోచన ఉందో చాలాసేపు మాట్లాడాడు. మామగారు ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టారు. "మీవల్లే కదా నాయనా!" అని పక్కనున్న అల్లుడి భుజం తట్టారు. ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు, అదే అల్లుణ్ని ఎక్కువ బాధపెట్టింది.

పాత మార్కెట్టు పని ఇంజనీరుకు వెళ్లింది. ఆయన కుర్చీలోకి ఆఫీసరుగారు వెళ్లాడు. మొదటి రోజే కసిగా ఫైళ్లన్నీ ముందేసుకుని, ఆరు వీధుల్లో ఆగిపోయిన కాలువ పనులు నెలలో పూర్తిచేసి చూపిస్తానని కమిషనరుగారి దగ్గరికి వెళ్లాడు.

కమిషనరుగారు కుర్చీలోంచి ఎగిరిపడ్డారు. "పూర్తిచేస్తావా? కమిటీవాళ్లు వచ్చే ఏడాది ఆ ఆరు వీధులూ చూస్తామన్నారయ్యా! పైపులు దింపించు, చాలు. పాతిపెట్టే ఆలోచన మాత్రం కలలో కూడా రానివ్వకు."

ఆఫీసరుగారు తన సర్వీసులో చాలా విభాగాలు చూశాడు గానీ, పని పూర్తిచేస్తే సంజాయిషీ అడిగే విభాగంలో చేరడం మాత్రం అదే మొదటిసారి.