బొట్టు పెట్టిన డ్రమ్ము

పాండురంగారావు ఆ ఆదివారానికి వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లవారగానే చెరువు దగ్గరికి వెళ్లాలి. పాకలో దాచిన డ్రమ్ములోంచి స్పిరిట్ తీసి కారులో నింపాలి. భార్య రాజ్యాన్ని ఎక్కించుకుని, విస్తళ్లు వేసే వేళకు తాడేపల్లిగూడెంలో ఆమె చెల్లెలు నాగదుర్గ గుమ్మం ముందు దింపాలి. అంతే. ఇంత చిన్న పథకం కూడా పాడవుతుందా అని, ఆయన్ని ఎరిగినవాళ్లెవరూ అడగరు.

గుండుగొలను దగ్గర ఆయనకు పదెకరాల వరి, కొల్లేటి వైపు ఒక రొయ్యల చెరువు ఉన్నాయి. వాటికి మించి కలలున్నాయి. నూకల నుంచి ఇథనాల్ తీస్తారనీ, దాంతో కార్లు నడుస్తాయనీ రెండేళ్ల క్రితం ఎక్కడో విన్నాడు. ఆనాటి నుంచి ఆయన కంటికి చేను చేనులా కనిపించడం మానేసింది. గట్టు మీద నిలబడితే చాలు, పండిన వెన్నుల మీదుగా ఒక ఎర్ర కారు చప్పుడు చెయ్యకుండా తేలిపోతూ ఉండేది. ఎరువుల బస్తా భుజాన పెట్టుకుని అలాగే చూస్తూ నిలబడిపోయేవాడు. బస్తా బరువు కూడా తెలిసేది కాదు.

ఎర్ర కారు ఎలాగో దొరికింది. పాతదే, కానీ టర్బో ఉన్నది. దాన్ని ఇథనాల్‌కి, అంటే స్పిరిట్‌కి, అలవాటు చేసే పని ఏలూరు మెకానిక్ మదార్ కూతురు నజ్నీన్ తీసుకుంది. ఇంజనీరింగ్ చదివిన పిల్ల. తండ్రి రెంచితో వినే జబ్బుల్ని ఆమె లాప్‌టాప్‌తో వింటుంది. మూడు నెలలు కష్టపడి పంపు మార్చింది, ఇంజెక్టర్లు మార్చింది. పెట్రోలు కంటే స్పిరిట్ మూడోవంతు ఎక్కువ తాగుతుందని లెక్కగట్టి ఇంజనుకు నేర్పింది. స్పిరిట్ మాత్రం బెంగళూరు బంకు నుంచి, చేపలు దింపి తిరిగొచ్చే లారీలో వచ్చింది. అందులో తన చేలో నూకలే ఉన్నాయని పాండురంగారావు నమ్మకం. కాదనడానికి నూకల మీద పేర్లు రాసి ఉండవు కదా.

రాజ్యం నమ్మలేదు. "చూడండి, ఇంట్లో సారా వాసన కుదరదు. మీ డ్రమ్ము చెరువు దగ్గరే ఉంచుకోండి. ఆదివారం మా చెల్లి మనవడి అన్నప్రాసన. విస్తళ్లు వేసేసరికి ఈ బండి నన్ను అక్కడ దింపిందా, ఉంటుంది. లేదా, ఈ బండి కొంటానన్న ఫణికిరణ్ గారు జంగారెడ్డిగూడెం నుంచి అక్కడికే వస్తున్నారు. తాళాలు ఆయన చేతిలో పెట్టేస్తాను" అంది. రాజ్యం మాటంటే మాటే. పాండురంగారావుకి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

చెరువు పాకలో ఆయన డ్రమ్ము ఒక్కటే లేదు. చెరువు చూసుకునే ఎలీషా, రొయ్యల కోసం బెల్లం, తవుడు, ఈస్టు కలిపి పులియబెట్టి వడగట్టిన జ్యూసు కూడా అలాంటి నీలం డ్రమ్ములోనే ఉంది. "గుర్తుకి ఏదైనా రాయండి బాబాయిగారూ" అని నజ్నీన్ ముందే చెప్పింది. పాండురంగారావుకి రాయబుద్ధి కాలేదు. బియ్యంలోంచి వచ్చింది, అన్నం లాంటిది. దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాడు.

ఆదివారం తెల్లవారుజామున కొల్లేరంతా మంచు. గూడబాతులు నీళ్ల మీంచి ఒక్కొక్కటే లేస్తున్నాయి. పాండురంగారావు వాటినే చూస్తూ పాకలోకి వెళ్లాడు. గుమ్మం పక్కనే బొట్టున్న డ్రమ్ము కనిపించింది. మూత తీసి వాసన చూశాడు. పుల్లగా, తీయగా, కాస్త మత్తుగా ఉంది. "అబ్బ! ఎంత బాగుందో!" అనుకున్నాడు. చేతిపంపు పైపు కారు ట్యాంకులో పెట్టి, గూడబాతులు లెక్కపెడుతూ పంపు కొట్టాడు. అవి ఇరవై ఏడయ్యేసరికి ట్యాంకు నిండింది.

ట్యాంకు అడుగున మిగిలిన అసలు స్పిరిట్ పుణ్యమా అని కారు వెంటనే స్టార్టయింది. ముందు సీట్లో నజ్నీన్, ఒళ్లో లాప్‌టాప్. వెనక పట్టుచీరలో రాజ్యం, పక్కన సున్నుండల డబ్బా. కారు చెరువు గట్ల మధ్య రోడ్డెక్కింది.

"బాబాయిగారూ, స్పిరిట్ శాతం పడిపోతోందండి."

"మంచు కదమ్మా. తేమ పట్టుంటుంది."

"ఇంజను అందుకోవట్లేదండి. ఇంకాస్త ఎక్కువ పోయిస్తానుండండి." నజ్నీన్ మీటలు నొక్కింది. ఇంజను ఒకసారి దగ్గి, దొరికిందంతా గటగటా తాగడం మొదలుపెట్టింది.

రెండు ఫర్లాంగులు పోయాక వెనక నుంచి రాజ్యం గొంతు వినిపించింది. "ఏవండీ, ఎవరో అరిసెల పాకం పడుతున్నారు."

"అది మన బియ్యం వాసన."

"బియ్యానికి పాకం వాసనెందుకొస్తుందండీ?"

"టర్బో, రాజ్యం, టర్బో."

ఆ మాటతో రాజ్యం నోరు మూతపడింది గానీ ముక్కు మూతపడలేదు. గట్టు మీద గడ్డి మోపులతో వస్తున్న ఇద్దరు ఆడవాళ్లు ఆగి ముక్కులెగబీల్చారు. "ఎవరింట్లోనండీ పెళ్లి? పాకం ముదిరిపోయింది, తొందరగా దింపించండి!" అని అరిచారు. పాండురంగారావు వాళ్లకు చెయ్యి ఊపాడు, ఊరంతా తనని దీవిస్తున్నట్టు తోచింది. వెనక గోధుమరంగు పొగ, పొగ వెనక ఈగలు. కారు నాలుగుసార్లు ఎక్కిళ్లు పెట్టి, చేల మధ్య ఆగిపోయింది.

నిశ్శబ్దం. మంచు విడిపోయి ఎండ వచ్చింది. అటూ ఇటూ కోతకొచ్చిన వరి. ఎంత అందంగా ఉందో అంత ఏడుపొచ్చింది పాండురంగారావుకి. స్టీరింగు మీద చెయ్యి వేసి, "ఏమ్మా, ఇక లేవదా?" అని అడిగాడు. అడిగింది నజ్నీన్నో, బండినో ఆయనకే తెలియదు.

నజ్నీన్ దిగి, ట్యాంకులోంచి వచ్చే గొట్టం విప్పి చూసింది. వేలు తడి చేసుకుని వాసన చూసింది. రెండు వేళ్లు కలిపి విడదీసింది. సన్నగా తీగ సాగింది.

"బాబాయిగారూ, ఇది స్పిరిట్ కాదండి. పిన్నిగారు చెప్పిందే నిజం. పాకం."

అప్పుడే ఫోను మోగింది. "బయల్దేరారా అండీ? నేను తాడేపల్లిగూడెం వచ్చేశాను" అన్నాడు ఫణికిరణ్. "ఆయ్, దారిలోనే ఉన్నామండి" అన్నాడు పాండురంగారావు. అబద్ధం కాదు, నిజంగానే దారిలో ఉన్నారు.

ఇంతలో ట్రాక్టరు మీద ఎలీషా ఆదరాబాదరాగా వచ్చాడు. "కొంప మునిగిందండి బాబుగారూ! జ్యూసనుకుని చెరువులో ఒక బకెట్ పోశానండి. చేతిమీద పడింది చల్లగా ఆవిరైపోయిందండి. అది మీ స్పిరిట్టండి!"

"బొట్టు చూడలేదట్రా?" అన్నాడు పాండురంగారావు.

"చూశానండి. రెండిటికీ ఉన్నాయండి. శుక్రవారం సాయంత్రం అమ్మగారొచ్చి రెండోదానికీ పెట్టారండి."

అందరూ రాజ్యం వైపు తిరిగారు. రాజ్యం సున్నుండల డబ్బా మూత సర్దింది. "పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానికి బొట్టు పెట్టి రెండోదాన్ని బోసిగా ఎలా వదిలేస్తానండీ? పేరంటంలో ఒకళ్లకి పెట్టి ఒకళ్లని పొమ్మంటామా?" అంది. గొంతు మాత్రం ఎప్పుడూ లేనంత చిన్నగా ఉంది.

పాండురంగారావు ఒక్క మాట అనలేదు. ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆయన చేసిన తెలివైన పని అదొక్కటే.

"చెరువు నీళ్లకి గాలి తగిలేలా ఏరేటర్లు తిప్పాలండి, నేను పోవాలండి" అంటూ ఎలీషా దారిన పోయే పాలబండి ఎక్కేశాడు. ట్రాక్టరు మిగిలింది. ట్రాక్టరు నడపగలిగింది పాండురంగారావు ఒక్కడే. కారుకి మోకు కట్టారు. ఆగాల్సొచ్చినప్పుడు హ్యాండ్‌బ్రేకు లాగే పని నజ్నీన్‌ది. మరి స్టీరింగు?

"ఇంజను ఆగిపోయిందిగా, చాలా బరువుగా తిరుగుతుందండి పిన్నిగారూ" అంది నజ్నీన్.

"ముప్పై ఏళ్లు రుబ్బురోలు తిప్పానమ్మా" అని రాజ్యం పట్టుచీర కుచ్చిళ్లు సర్దుకుని డ్రైవరు సీట్లో కూర్చుంది.

మోకు బిగిసింది. కారు కదిలింది. మొదటి మలుపులో రాజ్యం కళ్లు మూసుకుంది. రెండో మలుపులో ఒక కన్ను తెరిచింది. మూడో మలుపు తనే వెతుక్కుని తిప్పింది. అద్దాలు దింపింది. చేల మీది గాలి ముఖానికి తగిలింది. ఇన్నేళ్లూ ఏ బండి ఎక్కినా భర్త వీపు చూస్తూనో, పక్కకి చూస్తూనో వెళ్లిన మనిషికి, దారి మొత్తం తన ఎదురుగా పరుచుకుని కనిపించడం అదే మొదటిసారి. "అమ్మాయీ, ఎంత హాయిగా ఉందే!" అంది.

ట్రాక్టరు మీంచి పాండురంగారావు వెనక్కి తిరిగి చూశాడు. పండిన వెన్నుల మీదుగా ఎర్ర కారు తేలిపోతూ వస్తోంది. చప్పుడు లేదు, పొగ లేదు. అచ్చం తన కలే. కలలో స్టీరింగు దగ్గర ఎవరున్నారో ఆయన ఇన్నాళ్లూ సరిగ్గా చూసుకోలేదు, అంతే.

నాగదుర్గ గుమ్మం ముందుకు చేరేసరికి రెండో బంతికి విస్తళ్లు వేస్తున్నారు. "ఏ బంతో నేను చెప్పలేదుగా" అంది రాజ్యం దిగుతూ. ఎలీషా ఫోను చేశాడు. "రొయ్యలు నిక్షేపంగా ఉన్నాయండి. మేత రోజూకన్నా ముందే తినేశాయండి. ఇంకో బకెట్ పొయ్యమంటారా?"

మోకు విప్పి ట్రాక్టరును పక్క సందులోకి తీసేశాక, ఫణికిరణ్ వచ్చి కారు చుట్టూ తిరిగి, తలుపు తట్టి, "ఒకసారి స్టార్ట్ చేస్తారా అండీ?" అన్నాడు. రాజ్యం కారు తాళాలు బయటికి తీసింది. ఫణికిరణ్ చెయ్యి చాచాడు. ఆమె వాటిని బొడ్లో దోపుకుంది.

"ఏమీ అనుకోకండి బాబూ, అమ్మడం లేదు. కుదుపు లేదు, చప్పుడు లేదు, చెప్పినట్టు వింది. నూకలతో నడిచే బండి ఇంత బుద్ధిగా ఉంటుందని తెలిస్తే ఆయన్ని ఇన్నాళ్లు సాధించేదాన్నా? ఇకనుంచి దీన్ని నేనే నడుపుతాను."

ఆ మాట విన్నవాళ్లలో ఇద్దరికి, ఆ బండిని లాక్కొచ్చిన ట్రాక్టరు నడిచేది డీజిలుతో అని తెలుసు.