నల్లబండ మీద అరటితోట

ఒక పెద్ద అడవిలో, చుట్టూ అంత చల్లటి నీడ పెట్టుకుని, జంతువుల పంచాయతీ మాత్రం బోడికొండ నెత్తిన నల్లబండ మీద కూర్చునేది. ఎత్తున కూర్చుంటే మాటకు విలువ పెరుగుతుందని ఎవరో అన్నారట. ఎండకు ఆ బండ పెనంలా కాలేది. పడమటి గాలి లేచిందంటే సభ్యుల మాటలు సగం లోయలోకి కొట్టుకుపోయేవి.

ఆ వేసవిలో సర్పంచి ఐరావతమ్మ అనే ఏనుగుకి పాదాలు బొబ్బలెక్కాయి. "ఇక్కడ కాస్త పచ్చదనం ఉంటే బాగుండును. వచ్చే సమావేశానికల్లా తొట్లలో మొక్కలు పెట్టించు," అని ఎలుగుబంటి జాంబయ్యకు పని అప్పగించింది.

జాంబయ్యకు ఉపసర్పంచి పదవి మీద ఎన్నాళ్ళ నుంచో కన్ను. ఇదే అదను అనుకున్నాడు.

తేనె కోసం చిన్నప్పటి నుంచీ ఆ కొండ ఎక్కి దిగినవాడు. అక్కడి ఎండకీ గాలికీ ఏవి ఆగుతాయో బాగా తెలుసు. కలబంద, రణపాల, బిళ్ళగన్నేరు, నేలకు అంటుకుని పాకే గడ్డిగులాబి. ఆ మాటే సాటి సభ్యుడు నెమలి నీలకంఠంతో అన్నాడు.

నీలకంఠం మెడ వంచి విన్నాడు. "సర్పంచమ్మ ముందర ముళ్ళ మొక్కలా జాంబయ్యా? తననే ఏదో అంటున్నావనుకుంటుంది. వాగు పక్కన అరటి ఉంది, చేమ ఉంది. వెడల్పాటి ఆకులు. చూస్తేనే చల్లగా ఉంటుంది."

"గాలికి ఆకు చీలిపోతుంది కదా."

"సమావేశం ఒక్క పూటే. ఆ పూటకి చీలకుండా చూసుకో. ఇంతకీ నీకు ఉపసర్పంచి కావాలా, వద్దా?"

జాంబయ్య అరటికే తలూపాడు.

ఇంటికొచ్చి సంగతి చెబితే భార్య గురవమ్మ, "నీకు తెలిసిందేదో చెప్పేయొచ్చు కదయ్యా," అంది.

"తెలిసింది చెప్పడానికి మామూలు సభ్యుడు చాలు. తెలిసి కూడా ఊరుకోగలిగినవాడే ఉపసర్పంచి అవుతాడు," అన్నాడు జాంబయ్య.

కోతులు మోడులు తొలిచి తొట్లు చేశాయి. మట్టి నింపి, అరటీ చేమా నాటి, కొండ మీదికి మోశాయి. మర్నాటికల్లా చేమాకులు కాల్చిన అప్పడాల్లా ముడుచుకున్నాయి. పోసిన నీళ్ళు పోసినట్టే ఆవిరైపోయాయి. అరటాకులు పేలికలయ్యాయి. అన్నిటికంటే పొడుగ్గా ఉన్న అరటి తొట్టితో సహా బోర్లాపడి, దొర్లుకుంటూ లోయలో నిద్రపోతున్న అడవిపంది పక్కన పడింది. అది లేచి పంచాయతీ మీద పంచాయతీకే ఫిర్యాదు చేసింది.

జాంబయ్య ఎండినవి పీకించి కొత్తవి నాటించాడు. అవీ ఎండాయి. మళ్ళీ తెప్పించాడు. వాగుగట్టు బోసిపోయింది. అక్కడి నీడలో కాపురముండే కుందేళ్ళు పిల్లల్ని వెంటేసుకుని వేరే చోటు వెతుక్కుంటూ పోయాయి. అది చూశాక జాంబయ్యకు రెండు పూటలు తిండి సయించలేదు. అయినా మూడో పూట మళ్ళీ అరటిపిలకలే తెప్పించాడు.

సమావేశం రోజు గాలి మరీ ఎక్కువైంది. జాంబయ్య ఒక్కో తొట్టి వెనకా ఒక్కో కోతిని దాచి, బోదె గట్టిగా పట్టుకోమన్నాడు. తను పడమటి వైపు, గాలికి అడ్డంగా, అంత నల్లటి బొచ్చేసుకుని ఎండలో నిలబడ్డాడు.

ఐరావతమ్మ వచ్చింది. తోటంతా తేరిపార చూసింది. తొండం చాచి మొదటి అరటిని మొదలంటా పెరికి నోట్లో పెట్టుకుంది. వెనకాల బోదె పట్టుకున్న కోతి ఏం చేయాలో తోచక, ఖాళీ అయిన చేతులతో నమస్కారం పెట్టింది.

ఐరావతమ్మ రెండోది పెరికింది. చివరి తొట్టి దాకా ఒక్కటీ వదల్లేదు.

"బాగుంది జాంబయ్యా. మీటింగు మధ్యలో ఆకలేస్తే కొండ దిగలేక చచ్చేదాన్ని. ఇవాళ్టి నుంచి నువ్వే ఉపసర్పంచివి," అంది.

అందరికంటే ముందు నీలకంఠం రెక్కలు కొట్టాడు.

"ఇకమీదట రోజూ సమావేశం పెడదాం. తోట ఎప్పుడూ ఇలాగే ఉండాలి. నువ్వు కొండ దిగకు, ఇక్కడే ఉండి చూసుకో," అంది ఐరావతమ్మ జాంబయ్యతో.

"అమ్మగారూ, ఈ బండ మీద నిజానికి కలబంద అయితే..." అని మొదలుపెట్టాడు జాంబయ్య.

"చేదు," అంది ఐరావతమ్మ.

ఇప్పుడు జాంబయ్యది ఆ కొండ మీదే ఉద్యోగం. గురవమ్మ రోజూ తేనెపట్టు తెచ్చి, దారి మొదట్లోని చెట్టు కింద నిలబడి, "కాసేపు నీడకి రావయ్యా," అని పిలుస్తుంది. "గాలొస్తోంది, అరటి పడిపోతుంది," అంటాడు జాంబయ్య, కదలకుండా.

నీతి: పైవాళ్ళకి నచ్చే పని చేసినవాడు తప్పకుండా పైకొస్తాడు, పైన నీడ ఉండదు, అంతే.