పైడితల్లి నీడ ఎటు వెళ్లింది

గురువారం పొద్దున్న గాజువాకలో వాకిలి ఊడుస్తున్న పైడితల్లికి తన నీడ బదులు విమానం నీడ పడింది. ప్రభుత్వం పంపిన నోటీసులో చెప్పిన రోజునే పడింది కాబట్టి వీధిలో ఎవరూ కంగారు పడలేదు. రెక్కలు ఇటూ అటూ ఇళ్లు దాటిపోయాయి. తోక వెళ్లి ఇస్త్రీ బండి మీద పడింది. ఈ వేసవి హాయిగా గడిచిపోతుందని ఇస్త్రీ అతను సంతోషించాడు.

సంగతేమిటంటే, సొంత విమానాలున్నవారికి ఆకాశంలో ఏకాంతం కరువైంది. పొలాల మీదా రోడ్ల మీదా పరిగెత్తే నీడను చూసి, పనీపాటా లేని జనం ఫలానావారు తుని దాటారనీ, అన్నవరం దగ్గర మలుపు తిరిగారనీ ఫోన్లలో పెట్టేవారు. ఎక్కడికో తెలిస్తే ఎందుకని కూడా అడుగుతారు. ప్రభుత్వం మనసు చివుక్కుమంది. నీడల గోప్యతా శాఖ పుట్టింది. అయితే ఎండకు అడ్డొచ్చేదేదీ నీడ లేకుండా తిరగకూడదని సృష్టిలో ఒక పాత నిబంధన ఉంది. దాన్ని సవరించే అధికారం శాఖకు ఇంకా రాలేదు. అందుకని మార్పిడి పెట్టారు. విమానం నీడ మనిషికి, మనిషి నీడ విమానానికి. ఎవరి నీడ పడితే ఎవరూ తిరిగి చూడరో అలాంటివాళ్ల కోసం ఊరంతా గాలించారు. పైడితల్లి మొదటి స్థానంలో వచ్చింది.

నిజం చెప్పాలంటే ఆ పొద్దున్న ఆమెకు ఒళ్లు గగుర్పొడిచింది. తను అడుగు వేస్తే అంతంత రెక్కలు గోడలెక్కి, డాబాల మీదుగా పాకి, అవతలి వీధిలోకి దిగుతున్నాయి. నా వెనకాల ఇంత ఉందా అని ఆగి ఆగి చూసుకుంది. పెళ్లిలో కూడా ఎవరూ ఆమెకు తప్పుకుని దారివ్వలేదు. ఇప్పుడు లారీలు ఆగుతున్నాయి.

కానీ గురువారాలు ఆమెకు వేరే పని ఉంది. చెల్లెలు కొండమ్మ మల్కాపురంలో కడుపుతో ఉంది. ఆటోల సమ్మె రోజున కొండమ్మ మొగుడు దొంగచాటుగా బండి తిప్పాడు. పైడితల్లి మొగుడు సన్యాసిరావు ఆటో యూనియన్ నాయకుడు. ఆ గడప తొక్కితే ఈ గడపకు రావద్దన్నాడు. అప్పట్నుంచీ పైడితల్లి గుడికని చెప్పి, కేరియర్లో చేపల పులుసు పట్టుకుని, గోడవారగా వెళ్లొచ్చేది. తల్లి పోయాక చంకనెత్తుకుని పెంచిన పిల్ల మరి. గుడికి చేపల పులుసేమిటని ఎవరూ అడగలేదు, ఎవరూ ఆమెను చూడలేదు కాబట్టి.

ఆ గురువారం ఆమె వీధి మలుపు తిరిగిందో లేదో, నీడ ముక్కు ఆటో స్టాండు మీద పడింది.

"వదినగారు మల్కాపురం రోడ్డెక్కీసినారన్నా" అన్నాడొక డ్రైవరు సన్యాసిరావుతో, ఫోన్లోంచి తలెత్తకుండానే.

పైడితల్లి వెనక్కి తిరిగింది. పులుసు ఇంట్లోవాళ్లే తిన్నారు. మబ్బు పట్టిన రోజునో చీకటి పడ్డాకో వెళ్దామంటే, నీడ కనబడని వేళల్లో ఆమె ఇల్లు కదలకూడదని నోటీసులోనే ఉంది.

మర్నాడు శాఖ ఆఫీసుకు వెళ్లింది. ఆమె రాగానే గదిలో చీకటి పడితే ఆఫీసరు లైటు వేయించి కూర్చోమన్నాడు.

"నా పాతది నాకిచ్చీండి బాబూ. సిన్నదే గదా."

"చిన్నది కాబట్టే తీసుకున్నామమ్మా. బ్రహ్మాండంగా పనిచేస్తోంది. నిన్న సముద్రం దాటొచ్చింది. ఎవరో ఆడమనిషి కేరియరు పట్టుకుని పోతోందనుకున్నారు గానీ ఒక్కరూ పైకి చూడలేదు."

పైడితల్లి అదంతా ఊహించుకుంది. పనిమీద తప్ప రేవు దాకా కూడా వెళ్లని తన నీడ, నీళ్ల మీద, ఓడల మీదుగా, అలలకు తడవకుండా పరిగెత్తింది. వచ్చిన పని కాసేపు మరిచిపోయింది.

"మరి నానెక్కడికెల్లినా అందరికీ తెలిసిపోతంది గదా బాబూ" అంది చివరికి.

"మీకు దాచుకునేదేముంటుందమ్మా" అన్నాడతను, దయగానే.

ఆదివారం కొండమ్మ ఫోన్ చేసింది.

"అప్పా, ఇందాక నువ్వు మా వాకిట్లోంచి ఎల్లిపోనావు. సేతిలో కేరియరుంది. పైనేదో సప్పుడైంది. పిలిసీసరికి నేవు."

"నాను కాదే. నా నీడ."

"నువ్వే అప్పా. నా కడుపు మీంచి ఎల్లినావు. లోపల పిల్ల కదిలింది."

 పైడితల్లి సంతోషంతో ఏడ్చింది. మర్నాడు మళ్లీ శాఖకు వెళ్లింది. ఈసారి నీడ అడగలేదు.

"ఇమానం ఎప్పుడెప్పుడెగురుతాదో సెప్పండి బాబూ. ఆ యేలకి నా సెల్లి వాకిట్లో కూకుంటాది."

"అది గోప్యమమ్మా. యజమానివారు ఎక్కడున్నదీ బయటపెట్టకూడదు."

"యజమాని కాదు బాబూ. నానెక్కడుంటానో సెప్పండి సాలు."

ఆఫీసరు తోటి ఆఫీసరును అడిగాడు. ఇద్దరూ నిబంధనలు చూశారు. అదీ గోప్యమే.

ఆమె దండం పెట్టి బయల్దేరింది. ఇంకా తమ వీధి మొదట్లో ఉండగానే గుమ్మంలోంచి సన్యాసిరావు, "ఆపీసులో ఏటన్నారే" అని కేకేశాడు. వీధిలోవాళ్లు మంచాలు జరుపుకుని ఆమె నీడలోకి వచ్చి పడుకున్నారు. కూరగాయల ఆమె బుట్ట కూడా నీడలోకే లాక్కుంది.

అప్పుడు పైన చప్పుడైంది. ఎవరూ తలెత్తలేదు. పైడితల్లి ఒక్కతే కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, అది చుక్కంత అయ్యేదాకా చూసింది.

ఇయాల ఎటెల్తన్నానో, అనుకుంది.