తుమ్మును గెలిచిన మిల్లు కూత

మన దేశంలో మూఢనమ్మకాల్ని పోగొట్టినది చదువు కాదు, సంఘసంస్కర్తలూ కాదు. మా ఊరి గోనె మిల్లు కూత!

నేను నాలుగో తరగతితో బడి మానేసినవాణ్ణి. నా మాట నమ్మకపోతే మానండి. కానీ చదువుకున్న పెద్దలు విజయనగరం నుంచి బండి కట్టించుకుని వచ్చి, మా వీధి అరుగు మీద ఎన్ని ఉపన్యాసాలిచ్చారని! తుమ్ముకీ పనికీ సంబంధం లేదని ఒక పెద్దమనిషి గంటసేపు రుజువు చేశాడు. లేచి చెప్పులు తొడుక్కుంటుంటే ఎవరో తుమ్మారు. మళ్ళీ కూర్చుని మంచినీళ్ళు అడిగాడు.

మరి మిల్లు? ఒక్క ఉపన్యాసమైనా ఇచ్చిందా? రెండుసార్లు కూసింది, అంతే. మొదటి కూతకి ఇల్లు విడవాలి. రెండో కూత తరవాత లోపలికి అడుగుపెట్టినవాడి పేరుకి రిజిస్టర్లో ఆలస్యం గుర్తు పడుతుంది. మూడు గుర్తులు పడితే పేరు కొట్టేస్తారు. ఇంతకంటే క్లుప్తమైన ధర్మశాస్త్రం ఎక్కడైనా ఉందా?

ఇప్పుడు మా వీధిలో శకునాల గతి చూడండి. పిల్లి ఎదురైతే పిల్లే ఆగుతోంది, మూడు వందల మంది దాటేదాకా! ఒంటి బ్రాహ్మణుడు ఎదురొస్తే పూర్వం మేం వెనక్కి తిరిగేవాళ్ళం. ఇప్పుడు పాపం ఆయనే గోడకి అతుక్కుపోతున్నాడు. పంచాంగం చెప్పే జగన్నాధం గారు సైతం కూత విని పొయ్యి మీద ఎసరు పెడుతున్నారు. యుద్ధానికి గోనె సంచులు కావాలి. గ్రహాలు కాస్త ఆగలేవా?

పూర్వం ఇలా కాదు. పొలానికి బయల్దేరిన పాలేరు వెనక ఎవరైనా తుమ్మితే వాడు కాసేపు కూర్చునేవాడు, మంచినీళ్ళు తాగేవాడు, అప్పుడు కదిలేవాడు. కామందు ఏమీ అనేవాడు కాదు, తుమ్మంటే ఆయనకీ భయమే గనక. ఎంత అనాగరికం! పనివాడు కూర్చోవడమూ, కామందు ఊరుకోవడమూనా!

నా బావమరిది జోగయ్య సంగతి వినండి. ఆ మిల్లులో నార చిక్కు తీసే పని వాడిది. అప్పటికే రెండు గుర్తులు పడ్డాయి. మొన్న బుధవారం ఒళ్ళు పేలిపోయే జ్వరం. మా అత్త నారాయణమ్మ వెళ్ళొద్దంటే వినలేదు. ముక్కుపొడుం ఎన్నడూ ముట్టని మనిషి, పక్కింట్లో చిటికెడు అడిగి తెచ్చుకుని, వాడు గుమ్మం దాటుతుండగా గట్టిగా తుమ్మింది.

"సకునం బాగులేదురా. కాసేపు కూకో," అంది.

"నీ తుమ్ము గేటు జవానుకి వినబడదే అమ్మా. కూత నాకు వినబడతన్నాది," అన్నాడు వాడు.

చూశారా నాగరికత! తోవలో పడిపోతాడేమోనని ఆవిడ నన్ను వెంట పంపింది. రెండో కూతకి ఇంకా వ్యవధి ఉండగానే మిల్లుకి చేరాం. గేటు మూసి ఉంది. మూడు వందల మందీ బయటే నిలబడ్డారు.

సంగతేమిటంటే, మిల్లు యజమాని షావుకారు గారు కొత్త బాయిలరు తెప్పించారు. ఆ పూట దానికి కొబ్బరికాయ కొట్టాలి. వర్జ్యం ఉందిట! అది దాటేదాకా ఒక్క పురుగు కూడా లోపలికి రాకూడదని జగన్నాధం గారి చేత చెప్పించారు.

రెండో కూత మాత్రం టైముకే కూసింది. దానికి పంచాంగం తెలియదు కదా.

గంటన్నర తరవాత గేటు తీశారు. ఒక్కొక్కణ్ణీ లోపలికి పంపుతూ అందరి పేర్లకీ ఆలస్యం గుర్తు పెట్టారు. జోగయ్యకి అది మూడోది.

"కూతకి ముందే వచ్చినాను గదా ఎల్లాజీ మావా. నువ్వు సూసినావు," అన్నాడు గేటు జవానుతో.

"సూసినాన్రా. ఎప్పుడొచ్చినావో రాయడానికి రిజిస్టర్లో గడి లేదు. ఎప్పుడు లోపలికెల్లినావో అదే రాస్తారు," అన్నాడు ఎల్లాజీ, వాడి మొహం చూడకుండా.

కాలిపోతున్న ఆ ఒంటిని భుజానికి ఆనించుకుని ఇంటికి తీసుకొచ్చాను.

పాఠకులారా, మా వీధిలో మూఢనమ్మకాలు పోయిన మాట నిజమే. నేను దాన్ని కొట్టెయ్యను. అవన్నీ ఇప్పుడు షావుకారు గారింట్లో భద్రంగా ఉన్నాయి. మంచి ఘడియ కోసం కాసేపు ఆగాలంటే, ఈ రోజుల్లో మనిషికి సొంత మిల్లు ఉండాలి.